పదిహేడేళ్ళ పిల్ల, చేతి మీద వేళ్ళ గుర్తులు... అక్కకి చెప్పాలా వద్దా?

ఎంవీపీ పిన్ని:

నమస్తే అండీ. పెద్ద పోస్టు, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి, వైజాగ్ వాళ్ళయితే మరీ మంచిది. పిల్ల ఎవరో తెలియకూడదని కొన్ని వివరాలు మార్చాను.

మా అక్క కూతురు. పదిహేడు నిండాయి, బైపీసీ సెకండియర్. నా పెళ్ళికి ముందు దాన్ని చంకనేసుకుని తిరిగింది నేనే, అందుకని వాళ్ళమ్మకి చెప్పనివి కూడా నాకు చెప్తుంది. మొన్న సెలవలకి మా ఇంటికొచ్చింది. మే నెలలో మన ఊరి ఉక్కపోత మీకు తెలిసిందే, ఫ్యాన్ కింద కూర్చున్నా ఒళ్ళంతా జిడ్డు, అలాంటిది ఈ పిల్ల రోజూ ఫుల్ హ్యాండ్స్ చుడీదారే. అంట్లు తోముతూ చెయ్యి పైకి లాక్కున్నప్పుడు చూశాను. మోచేతికి పైన నాలుగు వేళ్ళ గుర్తులు, వెనక్కి తిప్పితే బొటనవేలిది, అప్పటికే పసుపు రంగుకి తిరుగుతున్నాయి. బస్సులో రాడ్డు కొట్టుకుంది అంది. నేను రెట్టించలేదు. రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు అదే చెప్పుకొచ్చింది.

అబ్బాయికి పందొమ్మిది, ఇంజనీరింగ్ ఫస్టియర్ అయింది. ఏడాదిగా నడుస్తోందిట. మొదట్లో తిన్నావా, ఇంటికి చేరావా, తలనొప్పి తగ్గిందా అని ఒకటే మెసేజ్‌లు, ఇంట్లో ఎవరూ అంత పట్టించుకోలేదు పిన్నీ అంటుంది. తర్వాత ఇన్‌స్టా పాస్‌వర్డ్ అడిగాడు. తర్వాత లైవ్ లొకేషన్. వాట్సాప్‌లో అది ఎనిమిది గంటలకి ఆగిపోతుంది కదా, ఆగిన వెంటనే మళ్ళీ పెట్టాలి, నిద్రలో ఉన్నా సరే. అందుకని అలారం పెట్టుకుంటోంది అండీ! తెల్లవారుజామున లేచి లొకేషన్ పెట్టి పడుకుంటుంది. మా అబ్బాయి దానికి తమ్ముడి వరస, వాణ్ణి కూడా అన్‌ఫాలో చేయించాడు. తెన్నేటి పార్కులో క్లాస్‌మేట్ ఫోన్ ఎత్తిందని చెయ్యి పట్టి నొక్కేశాడట, అవే ఈ గుర్తులు. ఆ రాత్రే ఏడ్చి, సారీ చెప్పి, మర్నాడు కాలేజీ గేటు దగ్గర చాక్లెట్ పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. మానేద్దాం అంటే మాత్రం చచ్చిపోతా, చీటీలో నీ పేరు రాస్తా, మనిద్దరి ఫోటోలు మీ నాన్నకి పంపుతా అంటాడు.

పిల్ల సగమైపోయింది. పొద్దున్నే కడుపునొప్పి, అన్నం చూస్తే వికారం. చదివింది బుర్రకెక్కట్లేదు అంటుంది. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టుకుంటుంది, వైబ్రేట్ అయితే చాలు భుజాలు బిగుసుకుపోతాయి. అక్క ఇదంతా నీట్ టెన్షన్ అనుకుని రోజూ బాదంపప్పులు నానబెట్టి ఇస్తోంది.

నా చేత ఒట్టు వేయించుకుంది, అమ్మకి చెప్పొద్దని. బావగారికి తెలిస్తే చదువు మానిపించి సంబంధాలు చూస్తారని దాని భయం, ఆ భయం ఉత్తినే కూడా కాదు. మా ఆయనేమో ఈ వయసులో ఇవన్నీ మామూలే, నాలుగు రోజులు పోతే వాళ్ళే విడిపోతారు అంటున్నారు. ఇది నిజంగా మామూలేనా? అక్కకి చెప్పాలా? ఆ అబ్బాయికి నేనే ఫోన్ చేసి గట్టిగా ఇవ్వనా?

గాజువాక బాబాయ్:

ఇందులో ఆలోచించడానికి ఏటుందమ్మా. ఫోన్ లాక్కుని సిమ్ విరిచేయండి, పిల్లని అమ్మమ్మగారి ఊరు పంపేయండి, ఆ గుంటడిని నలుగురు వెళ్ళి నాలుగు తగిలిస్తే మళ్ళీ ఈ వైపు చూడడు. మా రోజుల్లో ఇంత చర్చ లేదు.

సీతమ్మధార సిస్టర్:

బాబాయ్ గారూ, మీరు చెప్పిందంతా మా ఇంట్లో చేశారు. నాకప్పుడు పదహారు. ఫోన్ లాక్కున్నారు, పలాస దగ్గర మా మావయ్య వాళ్ళింటికి పంపారు, మా నాన్న మనుషుల్ని తీసుకెళ్ళి వాణ్ణి కొట్టించారు. ఏమైంది? అప్పటిదాకా వాడంటే భయపడుతున్న నేను, నా వల్ల దెబ్బలు తిన్నాడని జాలిపడడం మొదలెట్టాను. పక్కింటి అత్తయ్య ఫోన్ అడిగి తీసుకుని వాడికే చేశాను. ఊళ్ళో నాతో మాట్లాడేవాళ్ళు లేరు, అమ్మ ఫోన్ చేసి పరువు తీశావ్ అనేది, ఇక మిగిలింది వాడే కదా. ఎవరితో మాట్లాడకు, నీకు నేను తప్ప ఎవరూ లేరు అని వాడు ఏడాది పాటు చెప్తూ వచ్చిందాన్ని మావాళ్ళు వారంలో నిజం చేసి పెట్టారు.

పిన్ని గారూ, మామూలేనా అని అడిగారు కాబట్టి చెప్తున్నా. గొడవ పడడం మామూలే. అలగడం, ఒకరోజు మాట్లాడుకోకపోవడం, ఆ అమ్మాయితో ఎందుకు మాట్లాడావ్ అని కుళ్ళుకోవడం కూడా ఆ వయసులో ఉంటాయి. నిద్రలో లేచి లొకేషన్ పెట్టుకోవడం మామూలు కాదు. వాడికి కోపం వస్తుందేమో అని రోజంతా లెక్కలేసుకుంటూ బతకడం, ఏ డ్రెస్ వేసుకోవాలి, ఏ దారిన వెళ్ళాలి, నవ్వితే ఏమంటాడో అని ఆలోచించుకోవడం, అదే అసలు సంగతి, చేతి మీది గుర్తులు దాని తర్వాత వచ్చేవి.

నాకు పెళ్ళై పాప కూడా ఉంది. మా ఆయన ఎంతో నెమ్మదస్తుడు. అయినా ఆయన గ్లాసు కాస్త చప్పుడయ్యేలా పెడితే ఇప్పటికీ నా కడుపులో దేవినట్టు అవుతుంది, ఏం తప్పు చేశానా అని బుర్ర వెంటనే వెతుక్కుంటుంది. ఫోన్ వైబ్రేషన్ పెట్టుకోలేను. అప్పట్లో ఇంటర్ ఒక సంవత్సరం పోయింది, ఆ సంవత్సరం సంగతి అందరికీ తెలుసు గానీ ఈ మిగతావి ఎవరికీ కనిపించవు.

నన్ను బయటికి లాగింది మా జువాలజీ మేడమ్. ఆవిడ వాణ్ణి ఒక్క మాట అనలేదు, అని ఉంటే నేను వాడి తరఫున వాదించేదాన్ని. ల్యాబ్‌లో అందరూ వెళ్ళాక, "వాడి పక్కన ఉన్నప్పుడు నీ ఒంట్లో ఎలా ఉంటుంది?" అని అడిగింది అంతే. అంతకు ముందు ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, అందరూ వాడి గురించే అడిగారు.

ఆ అబ్బాయికి మాత్రం మీరు ఫోన్ చెయ్యకండి. మీరు ఫోన్ పెట్టేసిన రెండో నిమిషంలో ఆ కోపమంతా పిల్ల మీదకే వస్తుంది.

మద్దిలపాలెం కౌన్సెలర్:

నేను కాలేజీ పిల్లలతో పని చేస్తాను. పిన్ని గారు రాసినవి చదువుతుంటే మా గదిలోకి వచ్చే పిల్లలే కళ్ళముందు కనిపించారు, ఇళ్ళు మారతాయి గానీ కథ వరస పెద్దగా మారదు.

ఎందుకు వదలట్లేదు అని ముందు ఇంట్లోవాళ్ళు అడుగుతారు. రోజూ తిడితే, రోజూ కొడితే ఎవరైనా త్వరగానే వదిలేస్తారు. ఇక్కడ అలా జరగదు. నొప్పి పెట్టిన చెయ్యే రాత్రికి బుజ్జగిస్తుంది. ఎప్పుడు మంచిగా ఉంటాడో, ఎప్పుడు మీద పడతాడో తెలియదు కాబట్టి బుర్ర ఆ మంచి రోజు కోసం కాచుకుని కూర్చుంటుంది. లాటరీ టికెట్ కొనేవాడు పోయిన డబ్బు గుర్తుపెట్టుకోకుండా ఎప్పుడో తగిలిన వంద రూపాయలే గుర్తుపెట్టుకున్నట్టు ఉంటుంది. పైగా పదిహేడేళ్ళకి ఇది మొదటి ప్రేమ, పోల్చి చూసుకోవడానికి ఇంకోటి లేదు. ఒళ్ళు తెలియని కోపం అంటే అంత ప్రేమన్నమాట అని సినిమాలు చూసి మనమందరం నేర్చుకున్నదే కదా.

కడుపునొప్పి, వికారం, నిద్ర చెడడం, చదివింది నిలవకపోవడం పరీక్షల టెన్షన్‌లోనూ ఉంటాయి, అందుకే తల్లులు పొరబడతారు. తేడా ఒకటి చూడండి. పరీక్షల టెన్షన్ పుస్తకం తీసినప్పుడు పెరుగుతుంది, ఇది ఫోన్ మోగినప్పుడు పెరుగుతుంది. ఎప్పుడు ఏం ముంచుకొస్తుందో అని ఒళ్ళు కాపలా కాస్తూనే ఉంటే జీర్ణం, నిద్ర, జ్ఞాపకశక్తి అన్నీ దెబ్బతింటాయి. దానికి తోడు ఎనిమిది గంటలకోసారి అలారం అంటే ఆ పిల్లకి తెంపు లేని నిద్రే లేదు, మనసు బాగున్నవాళ్ళకి కూడా అన్ని నెలలు నిద్ర లేకపోతే బతుకు మీద విరక్తి వస్తుంది.

ఇవి నాలుగు రోజుల్లో పోయేవి కావని చెప్పడానికి ఒక్క లెక్క. అమెరికాలో టీనేజీ పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంబడించి చూసిన అధ్యయనం ఒకటి 2013లో పీడియాట్రిక్స్ అనే పత్రికలో వచ్చింది. ఇలాంటి సంబంధాల్లో నలిగినవాళ్ళని 5 ఏళ్ళ తర్వాత చూస్తే, అమ్మాయిల్లో డిప్రెషన్ లక్షణాలు, విపరీతంగా తాగడం, సిగరెట్లు, చనిపోవాలన్న ఆలోచనలు మిగతావాళ్ళకన్నా ఎక్కువ కనిపించాయి. అబ్బాయిల్లో గంజాయి, గొడవలకి దిగడం, చావు ఆలోచనలు. పెద్దయ్యాక మళ్ళీ అలాంటి మనిషి చేతిలోనే పడే అవకాశం కూడా ఎక్కువే. అది వాళ్ళ దేశం లెక్క, మన దగ్గర పిల్లలు ప్రేమ విషయమే ఇంట్లో చెప్పరు, ఇక దెబ్బల విషయం ఎక్కడ చెప్తారు.

ఒట్టు సంగతికి వస్తాను. చెప్పాలి, కానీ పిల్ల వెనకనుంచి చెప్పకూడదు. అది చెప్పుకున్న ఒకే ఒక మనిషి మీరు, మీరు చాటుగా అక్కకి చేరవేస్తే రేపు ఇంకా పెద్దది జరిగినా మీకు చెప్పదు. "నీకు దెబ్బ తగులుతోంది, ఇది నేను ఒక్కదాన్ని మోయలేను, అమ్మకి చెప్దాం, ఎలా చెప్పాలో నువ్వే నిర్ణయించు, పక్కన నేను కూర్చుంటాను" అనండి. ఎప్పుడు, ఎక్కడ, ముందు ఏ ముక్క చెప్పాలి, ఇవి దాని చేతిలో పెట్టండి. ఏడాదిగా దాని చేతిలో ఏదీ లేదు, కనీసం ఇదైనా ఉండాలి.

ఒకటి మాత్రం ఆగకుండా చేయాల్సింది. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని పిల్లని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన వస్తుందని చాలామంది భయపడతారు, అలా రాదు, పైగా ఎవరో ఒకరు అడిగారని ఊపిరి పీల్చుకుంటారు. అవును అంటే గానీ, ఒంటికి ఏదైనా చేసుకుంటోందని తెలిస్తే గానీ, ఒట్టూ గిట్టూ చూసుకోకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఒంటరిగా వదలకండి. కింగ్ జార్జ్ ఆసుపత్రి, అదే కేజీహెచ్‌లో సైకియాట్రీ విభాగం ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళారంటారని ఆగకండి, అక్కడ ఓపీకి నిద్ర పట్టనివాళ్ళూ పరీక్షల భయం ఉన్నవాళ్ళూ కూడా వస్తారు. అర్ధరాత్రి అయితే 14416, టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ నుంచి ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రోజంతా పని చేస్తుంది. పిల్లే చేసుకోవచ్చు, మీరూ చేసి ఏం చెయ్యాలో అడగొచ్చు.

డిప్లొమా కుర్రాడు:

అందరూ అమ్మాయి అమ్మాయి అంటున్నారు, నేనూ ఒకటి చెప్పొచ్చా. నాది రివర్స్. పాలిటెక్నిక్ సెకండియర్‌లో మా క్లాస్ అమ్మాయి. లాగి కొట్టేది, అందరి ముందూ. ఫ్రెండ్స్ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేసేవాణ్ణి, అమ్మాయి కొడితే దెబ్బేంటి అని. ఆర్‌కే బీచ్‌లో ఒకసారి నా ఫోన్ రాళ్ళ మీదికి విసిరేసింది, అమ్మకి ఇసుకలో పడిపోయిందని చెప్పాను. రాత్రిళ్ళు చచ్చిపోతున్నా అని మెసేజ్ పెట్టి ఫోన్ స్విచాఫ్ చేసేసేది. తెల్లారేదాకా వాళ్ళ వీధిలో బండి మీద తిరిగేవాణ్ణి, లైట్ వెలిగిందా లేదా అని చూస్తూ. మగపిల్లలు ఇది ఎవరికి చెప్తారు అండీ? నాన్నకి చెప్తే నువ్వు మగాడివేనా అంటారు. అప్పటినుంచే సిగరెట్లు అలవాటయ్యాయి, బ్యాక్‌లాగ్స్ పెరిగాయి, గుండె దడకి ఈసీజీ కూడా తీయించారు, నార్మల్ అన్నారు.

14416కి నేను చేశాను. అవతల మేడమ్ నన్నేం తక్కువగా మాట్లాడలేదు. ఆవిడ చెప్పిందే మీకూ చెప్తున్నా, ఆ అబ్బాయి చచ్చిపోతా అన్నప్పుడల్లా మీ పిల్ల పరిగెత్తక్కర్లేదు, అలాగని అబద్ధంలే అని ఊరుకోకూడదు కూడా. ఆ మెసేజ్ వచ్చిన వెంటనే వాడి ఇంట్లోవాళ్ళకి గానీ అత్యవసర నంబర్ 112కి గానీ పెద్దవాళ్ళు ఎవరైనా చెప్పేయాలి. నిజమైతే వాడి ప్రాణం దక్కుతుంది, బెదిరింపైతే ఇక అది పని చెయ్యదని వాడికి తెలుస్తుంది. నేను వాళ్ళ అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. వాళ్ళు డాక్టర్‌కి చూపించారు. ఆ అమ్మాయి ఇప్పుడు బాగానే ఉందని విన్నాను. ఆ అమ్మాయికీ సాయం కావాల్సి వచ్చింది, అది నేను ఇచ్చే రకం సాయం కాదు.

కోర్టు రోడ్ అక్క:

అడ్వకేట్‌ని. పిల్ల విషయంలో తెలియాల్సిన నాలుగు ముక్కలు చెప్పి వెళ్తాను, కేసు పెట్టాలా వద్దా అనేది మీ ఇష్టం.

పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 ప్రకారం 18 నిండనివాళ్ళందరూ పిల్లలే, ఆడా మగా తేడా లేదు (డిప్లొమా తమ్ముడూ, 18 లోపు మగపిల్లల్నీ ఆ చట్టం కాపాడుతుంది). ఆ వయసులో పిల్ల ఒప్పుకుంది కదా అన్న వాదన చట్టం ముందు నిలవదు. లైంగికంగా ఏదైనా జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలి, 19వ సెక్షన్, తెలిసీ చెప్పకపోతే అదీ నేరమే, అది కౌన్సెలర్‌కైనా పిన్నికైనా ఒకటే. పిన్ని గారు అలాంటిదేమీ రాయలేదు, ఉన్నా ఇక్కడ రాయకండి, నేరుగా వచ్చి మాట్లాడండి. పిల్లని స్టేషన్ చుట్టూ తిప్పుతారని భయం వద్దు, పోక్సో కేసులో స్టేట్‌మెంట్ పిల్ల ఇంట్లోనో తనకి నచ్చిన చోటో తీసుకోవాలి, వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, పేరు, ఫోటో మీడియాలో రాకూడదు.

అవేవీ లేకపోయినా చెయ్యి నొక్కడం, వెంటపడడం, బెదిరించడం భారతీయ న్యాయ సంహితలో నేరాలే, వెంటపడడానికి 78వ సెక్షన్. పిల్ల ఫోన్లో ప్రతి కదలికా కనిపెట్టడం కూడా దాని కిందికే రావచ్చు.

ఫోటోల విషయం జాగ్రత్త. 18 లోపు పిల్లల అసభ్య ఫోటోలు పంపడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఐటీ చట్టం 67బి కింద నేరం. కాబట్టి అలాంటివి ఉంటే సాక్ష్యం కోసమని మీ ఫోన్‌కీ అక్క ఫోన్‌కీ పంపించుకోకండి. బెదిరించిన మెసేజ్‌లు మాత్రం తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి, డిసపియరింగ్ మెసేజ్‌లు ఆన్ చేసి ఉంటే రోజులో మాయమైపోవచ్చు. బయట పెట్టాడంటే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఆడవాళ్ళ, పిల్లల విషయాల్లో పేరు చెప్పకుండా కూడా చేయొచ్చు. టేక్ ఇట్ డౌన్ అని 18 లోపు వాళ్ళ కోసమే ఒక ఉచిత సర్వీసు ఉంది, ఫోటో మీ ఫోన్ దాటి వెళ్ళదు, దాని గుర్తు లాంటి కోడ్ ఒకటి తయారై ఇన్‌స్టా, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి వాటికి చేరుతుంది, వాళ్ళు ఆ ఫోటోని పట్టుకుని తీసేస్తారు. పిల్లల కోసం 1098, ఆడవాళ్ళ కోసం 181, ఎప్పుడైనా చేయొచ్చు.

ఇంకో చిన్న విషయం, చాలామంది వదిలేస్తారు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి చూడండి, పిల్ల వాట్సాప్ ఇంకా ఏ కంప్యూటర్లో, ఏ ఫోన్లో తెరిచి ఉందో అక్కడ కనిపిస్తుంది, ఆ అబ్బాయి ల్యాప్‌టాప్ అందులో ఉంటే ఈ పాటికి మీరు పిల్లతో ఏం మాట్లాడుతున్నారో కూడా చదువుతున్నట్టే.

గాజువాక బాబాయ్:

కొట్టొద్దంటారు, ఫోన్ తీసుకోవద్దంటారు, మరి ఆ కుర్రాణ్ణి అలా ఊరేగనివ్వాలా? సిస్టర్ రాసింది చదివాక ఊరు పంపించే మాట వెనక్కి తీసుకుంటున్నా గానీ, లొకేషన్ మాత్రం ఇవాళే ఆపించండి.

మద్దిలపాలెం కౌన్సెలర్:

బాబాయ్ గారూ, ఆపాలి, కాకపోతే ఎప్పుడు ఆపాలన్నది చూసుకోవాలి. ఇలాంటి వాళ్ళు చెయ్యి జారిపోతోంది అనుకున్నప్పుడే ఎక్కువ ప్రమాదం. పిల్ల ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్కసారిగా అన్నీ ఆపేస్తే వాడు కాలేజీ గేటు దగ్గరికి వస్తాడు. ముందు తల్లికి తెలియాలి, ప్రిన్సిపాల్‌కో లెక్చరర్‌కో ఒకరికి తెలియాలి, తీసుకెళ్ళి తీసుకొచ్చే మనిషి కుదరాలి. ఆ తర్వాత ఇంట్లో అందరూ ఉన్నప్పుడు వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, లింక్డ్ డివైసెస్ తీసేసి, లొకేషన్ ఆపి, పిల్ల ఒకే ఒక్క మెసేజ్ పెట్టాలి, నాకు ఇష్టం లేదు, ఇక మాట్లాడను అని. కారణాలు రాయకూడదు, కారణం రాస్తే దాని మీద వాదన మొదలవుతుంది. ఆఖరిసారి ఒక్కసారి కలుద్దాం అంటాడు, అస్సలు వెళ్ళనివ్వకండి.

ఎంవీపీ పిన్ని:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. కాస్త ఆలస్యంగా రాస్తున్నాను, ఇంట్లో జరగాల్సినవి జరిగాక రాద్దామని ఆగాను.

సిస్టర్ గారు చెప్పిన ప్రశ్నే అడిగాను, వాడి పక్కన ఉన్నప్పుడు ఒంట్లో ఎలా ఉంటుందే అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పరీక్ష పేపర్ ఇచ్చే ముందు ఉన్నట్టు ఉంటుంది పిన్నీ, ఎప్పుడూ" అంది. చచ్చిపోవాలని ఉందా అని కూడా అడిగాను, నోరు రాలేదు గానీ అడిగాను. పడుకుని లేవకపోతే బావుణ్ణు అనిపిస్తుంది, ఏమీ చేసుకోను మాత్రం అంది. దాంతో ఇక ఆగలేదు, మర్నాడు ముగ్గురం కేజీహెచ్‌కి వెళ్ళాం.

ముగ్గురం అన్నాను కదా, అక్కకి ఆ రాత్రే తెలిసింది. ముందు చేతి గుర్తులు చూపిస్తాను, అబ్బాయి సంగతి తర్వాత చెప్తాను అని పిల్లే అంది. అక్క ఆ చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది. ఎవరు అని అడిగింది, ఎందుకు అని అడగలేదు. రెండు మూడు మాటలు కటువుగా వచ్చాయి, నిన్ను నమ్మి ట్యూషన్‌కి పంపితే అని మొదలెట్టింది, నేను కాలు తొక్కాను. డాక్టర్ గారు పిల్లతో విడిగా చాలాసేపు మాట్లాడారు. డిప్రెషన్ మొదలైందన్నారు, మళ్ళీ వారం రమ్మన్నారు. కౌన్సెలింగ్‌తో చూద్దాం, అవసరమైతే మందుల సంగతి అప్పుడు అన్నారు. లింక్డ్ డివైసెస్‌లో నిజంగానే వాడి ల్యాప్‌టాప్ ఉంది కోర్టు రోడ్ అక్కా, చూసి మా ఒళ్ళు జలదరించింది. కాలేజీలో ఒక మేడమ్‌కి చెప్పి పెట్టాం, ఆటో మాట్లాడాం. వాడు రెండు రోజులు వేరే వేరే నంబర్ల నుంచి చేశాడు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాం. గేటు దగ్గరికి వస్తే స్టేషన్‌కే వెళ్తాం అని అక్కే అంది, పిల్ల కూడా సరే అంది.

పిల్ల మారిపోయిందని చెప్పను. నిన్న వాడిని అన్‌బ్లాక్ చెయ్యనా పిన్నీ, ఎలా ఉన్నాడో అని అడిగింది. అడిగింది కదా, అదే చాలు అనుకున్నాను. నిద్ర మాత్రం పడుతోంది.

ఇక మిగిలింది బావగారు. ఆయనది పోర్టులో షిఫ్ట్ డ్యూటీ. ఆయనకి ఎలా చెప్పాలి?

సీతమ్మధార సిస్టర్:

ఫోన్‌లో చెప్పకండి. మీ ఆయన్నీ మరుదుల్నీ కూర్చోబెట్టి పంచాయతీలా చెయ్యకండి, నలుగురి ముందైతే మగాళ్ళు పరువు గురించే మాట్లాడతారు. అక్క ఒక్కరే చెప్పాలి, ముందు డాక్టర్ ఏమన్నారో చెప్పి, పిల్ల లేవకపోతే బావుణ్ణు అనుకుంటోందన్న మాట ఆయన చెవిన పడ్డాక అబ్బాయి సంగతి చెప్పాలి. చదువు మానిపించను అనే మాట ఆయన నోటి నుంచి పిల్ల వినేలా చూడండి. మా నాన్న నాతో ఆ మాట అని ఉంటే నేను పలాస నుంచి ఆ ఫోన్ చేసేదాన్ని కాదు.

ఎంవీపీ పిన్ని:

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అనుకుంటున్నాం.

గాజువాక బాబాయ్:

శనివారం ఆయనకి నైట్ షిఫ్ట్ ఉందేమో ముందు కనుక్కోండి తల్లీ. నేను స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు చేసి రిటైరైనవాణ్ణి, నైట్ దిగిన రోజు ఏం చెప్పినా బుర్రకెక్కదు, కోపం మాత్రం ఎక్కుతుంది. వీక్లీ ఆఫ్ రోజు చూసుకుని చెప్పండి.